పూజ్యం అంటే సున్నా

ఈమధ్య సాహిత్య పత్రికలు నడిపేవాళ్ళు కూడా బౌన్స్ రేట్ గురించి మాట్లాడుతున్నారు. మాట్లాడితే ఫరవాలేదు. దాన్ని చూసి ఏ వ్యాసం వేసుకోవాలో, ఏది ఆపాలో, ఏది నాలుగు ముక్కలు చెయ్యాలో కూడా తేల్చేస్తున్నారు. నాకు తెలిసిన ఒక వెబ్ పత్రిక (పేరు అనవసరం) పాలమూరు వలస కథల మీద వచ్చిన పొడుగాటి వ్యాసానికి బౌన్స్ ఎక్కువుందని, ఇకమీదట అంత పొడుగువి వద్దని తీర్మానించుకుంది. వచ్చినవాళ్ళు చదవకుండా పారిపోయారని వాళ్ళ నమ్మకం. ఇలాంటి అంకెలు తయారుచేసే కోడ్ రాసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి, ఆ నమ్మకానికి ఆధారం ఎందుకు లేదో చెప్పగలను.

పాత గూగుల్ అనలిటిక్స్‌లో బౌన్స్ అంటే, ఒక పేజీ తెరిచి, సర్వర్‌కి రెండో కబురు పంపకుండా ముగిసిపోయిన రాక. అంతే. చదివారా, నచ్చిందా, తిట్టుకున్నారా అన్నది ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. కాలం లెక్క ఇంకా ఘోరం. ఒక పేజీ మీద ఎంతసేపు ఉన్నారో తెలియాలంటే, తర్వాతి పేజీ తెరిచిన సమయంలోంచి దీన్ని తెరిచిన సమయం తీసెయ్యాలి. తర్వాతి పేజీ లేకపోతే తీసెయ్యడానికేముంది? సున్నా సెకన్లు. ఒకావిడ రాత్రి పనులన్నీ అయ్యాక ఫోన్లో మీ వ్యాసం తెరిచి, నలభై నిమిషాలు చదివి, లైటార్పి పడుకుంటే ఆమెది సున్నా. శీర్షిక చూసి మొహం తిప్పుకున్నవాడిదీ సున్నాయే.

మా వైపు వాళ్ళకి ఈ సున్నా కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని వెనకటికి ఒక పండితుడు రాసేశాడు. పూజ్యం అంటే సున్నా. ఉమ్మడి పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి మాటకు మాట అని ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి ముందు పెట్టారు. వాళ్ళంతా అంతకుముందు కూడా రాస్తూనే ఉన్నారు, ఆ పండితుడి దాకా కబురు చేరలేదు, అంతే. కబురు రాకపోతే మనిషి లేడనుకోవడం అప్పుడు పండితుడు చేశాడు, ఇప్పుడు డాష్‌బోర్డు చేస్తోంది.

ఇప్పుడు అదంతా మారింది కదా అంటారు. మారింది. 2023 జులై 1న పాతది ఆగిపోయింది. జీఏ4లో 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, ముఖ్యమని మనం గుర్తుపెట్టిన పని ఏదైనా చేసినా ఆ రాక 'ఎంగేజ్డ్'. మిగిలింది బౌన్స్. నలభై నిమిషాల ఆవిడ లెక్కలోకి వచ్చింది, సంతోషం. కుకీ నోటీసు ఎక్కడ మూయాలో వెతుక్కుంటూ పదకొండో సెకను దాకా ఉండిపోయినవాడు కూడా వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఒకటే. నిర్వచనం మారి అంకె తగ్గితే, పాఠకుల ఆసక్తి పెరిగిందని చప్పట్లు కొట్టుకున్న మీటింగులో నేను కూర్చున్నాను. (పాత పద్ధతిలోనైతే ట్రాకింగ్ కోడ్ పొరపాటున పేజీలో రెండుసార్లు పడినా చాలు, బౌన్స్ రేట్ సున్నా దగ్గరికి దిగిపోయేది. చప్పట్లకి అదీ ఒక దారి.)

బౌన్స్ రేట్ ఎందుకూ పనికిరాదని నేననను. నారాయణపేట కాటన్ చీర అని ప్రకటన ఇచ్చి, నొక్కితే పోచంపల్లి పట్టు చూపించారనుకోండి, వచ్చినవాళ్ళు వెనక్కి పోతారు. అక్కడ బౌన్స్ ఒక నిజం చెప్తుంది: ప్రకటన ఒకటి, పేజీ ఇంకొకటి అని. కానీ అక్కడ కూడా, పేజీలో ఉన్న నంబర్ చూసుకుని ఫోన్ చేసి చీర తెప్పించుకున్నావిడ ఏ ఖాతాలో పడుతుందో గ్యారంటీ లేదు. మా ఊళ్ళో చీరల దుకాణంలో కూర్చున్న పెద్దమనిషికి ఇదంతా చెప్తే నవ్వుతాడు. నలభై చీరలు విప్పించి, చాయ్ తాగి, మళ్ళీ వస్తామని పోయేవాళ్ళు ఆయనకు తెలుసు. కావల్సిన గళ్ళు, కావల్సిన అంచు చెప్పి, పైసలిచ్చి, ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళూ తెలుసు. గల్లా ఎవరివల్ల నిండుతుందో కూడా తెలుసు.

అసలు లొల్లి ఏందంటే, అమ్మకపు పేజీకి పుట్టిన కొలతని కథ మీద పెడుతున్నాం. అమ్మకపు పేజీ ఒక గడప, దాటి లోపలికి పోవాలి. కథకి అదే ఇల్లు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ముగించి, కింద 'ఇవి కూడా చదవండి' అని ఉంటే నొక్కబుద్ధవుతుందా ఎవరికైనా? ఫోన్ పక్కన పడేసి కాసేపు గోడకేసి చూస్తాం. ఎంత బాగా తగిలితే అంత త్వరగా మూసేస్తాం. ఒక్క పేజీలో పూర్తయ్యే కథలతోనే కదా, 1998 నుంచి ఈమాట నడుస్తోంది.

ఇది ఎడిటర్ల గోల మాత్రమే అయితే నేను ఇంత రాయను. రాసేవాళ్ళు కూడా చూస్తున్నారు. పొడుగు వద్దు, ఊళ్ళ పేర్లు ఎక్కువ వద్దు, మొదటి పేరాలోనే కొక్కెం వెయ్యాలి, తర్వాతి పేజీకి ఊరించి ఆపాలి అని ఇరవై రెండేళ్ళ పిల్లలు నేర్చుకుంటున్నారు. అలా నేర్చుకున్నవాళ్ళు వలస మీద రాయరు. వలస మీద రాయాలంటే ముందు ఒక పేరా అంతా వాన కోసం ఎదురుచూడాలి.

అంకె కావాలంటే పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పేజీ 90 శాతం కిందికి వచ్చినవాళ్ళెంతమందో జీఏ4 చెప్పగలదు, అది చూడండి. నెల తర్వాత అదే వ్యాసానికి మళ్ళీ వచ్చినవాళ్ళని చూడండి. వచ్చిన ఉత్తరాలు చదవండి. ఆ వలస వ్యాసం వచ్చిన వారమే మక్తల్ వైపు నుంచి ఒకాయన దాని రచయితకి మెయిల్ పెట్టాడు. తండ్రి బొంబాయిలో మట్టిపనికి పోయిన సంవత్సరాలు వరసగా రాసి, మీ వ్యాసం ఇంట్లో చదివి వినిపించానని చెప్పాడు. వ్యాసం వాట్సాప్‌లో ఎవరో పంపితే చదివాడట. ఆ పత్రికలో ఇంకే పేజీ తెరవలేదు.