పెట్టుబడి తూఁచుట

సొమ్ము నే పనియందుఁ బెట్టవలె నను విచారము పెద్ద సంస్థలకే కాదు, మన యిండ్లకును గలదు. రాజోలు ప్రాంతమున మాకు ఎకరము ముదురు కొబ్బరితోట యున్నది. దానిని దీసి రొయ్యలచెరువు త్రవ్వింతమని మా మఱఁది. క్రొత్త మొక్కలు నాటింతమని నేను.

పెట్టిన సొమ్మెంత శీఘ్రముగా మరలునని మాత్రమే చూచుట యొక పద్ధతి. అందుఁ జెరువే గెలుచును. రొయ్యలు కొన్ని నెలలకే చేతికి వచ్చును. పొడుగు రకపు కొబ్బరికి ఆఱేడేండ్లు వేచియుండవలెను. కాని సొమ్ము మరలిన పిమ్మట వచ్చు రాబడి నీ పద్ధతి లెక్కింపదు.

రెండవ పద్ధతి, ముందు వచ్చు రాబడినంతయు నేఁటి విలువకుఁ దెచ్చి, కూడి, పెట్టుబడిని దీసివేయుట. నూటికి ఏడు చొప్పున వడ్డీ కట్టినచోఁ బదియేండ్లకు వచ్చు 100 రూపాయల నేఁటి విలువ యించుమించు 50 రూపాయలు. శేషము మిగిలినచోఁ బని మంచిది. ఇందుఁ బెక్కేండ్లు కాచు చెట్టునకును, రొయ్యలకుఁ దెగులు సోఁకు నేఁడునకును జోటు గలదు.

శీఘ్రలాభమే కొలతయైనచో, 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టకై యంత వ్యయమును, అన్ని యేండ్ల శ్రమయు నెవరు సహించెడివారు? బ్యారేజీ వచ్చువఱకు నది నూఱేండ్లకు మించి మన కాలువలను నింపెను.

అయినను, పొరుగువారి నూతిలోఁ జేరు ఉప్పదనము, మనము వ్రాసినఁ దప్ప, ఏ పద్ధతిలోను లెక్కకు రాదు. ఆ పద్దును వ్రాసి మఱఁది ముందుంచితిని. అతఁ డింకను బదులు చెప్పలేదు.