ఆ మూడు నెలల సంగతి ఎవరు చెప్పాలి?

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా నర్సమ్మగా తిరిగాను. నా సర్వీసంతటిలో వేసెక్టమీకి ఒప్పుకున్న మగాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకతను మిర్చి టిక్కీలు లారీలకెత్తే ముఠా కూలీ. భార్యకి రెండో కాన్పు కష్టమైంది, ఒంట్లో రక్తం లేదు. ‘‘దానికి మళ్లీ కోతెందుకు నర్సమ్మా, నాకే చేయించు’’ అన్నాడు. నేనే తోడెళ్లాను. కోతా కుట్టూ లేని పని, అరగంటలో బయటికొచ్చాడు.

రెండు నెలలు దాటాక ఆమెకి నెల తప్పింది.

వాళ్లింటికి వెళ్లేసరికి అత్తగారు వాకిట్లోనే పట్టుకుంది. ‘‘మగాడికి ఆపరేషనయ్యాక కడుపెట్టా వచ్చిందో నువ్వే చెప్పు.’’ కోడలు గోడవారగా కూచుని చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

చెప్పాను. కత్తిరించిన చోటుకి అవతలి నాళంలో వీర్యకణాలు మిగిలే ఉంటాయి. మూడు నెలలు నిరోధ్ వాడాలి, ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించుకుని ఖాయం చేసుకోవాలి. ఆపరేషన్ రోజున చెప్పాల్సిన మాట అది. ఆసుపత్రిలో చెప్పలేదు. వాళ్లు చెప్పుంటారనుకుని నేనూ చెప్పలేదు. వేలిముద్ర మాత్రం జాగ్రత్తగా వేయించాను. అతను భార్యని ఒక్క మాట అనలేదు. నా వంక చూసి, ‘‘నాకెవరూ చెప్పలా’’ అన్నాడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. మాత్రలు, లూపు, నిరోధ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం. కుటుంబ నియంత్రణ అంటే మాకు ఆడదాని ఆపరేషనే. అదే సర్వేలో 20–24 ఏళ్ల ఆడపిల్లల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, ఆపైన ఆపరేషన్. ఇద్దరి మధ్య ఎడం ఉండాలన్న ముక్క వాళ్ల చెవిన పడేదెప్పుడు?

పడకపోవడానికి మా తప్పూ ఉంది. నేను చేరిన కొత్తలో టార్గెట్లుండేవి. మార్చి వచ్చిందంటే మిరప కోతలు ఒకపక్క, ఆడవాళ్లకి ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేసే డీపీఎల్ క్యాంపులు ఒకపక్క. ఎన్ని కేసులు తెచ్చావన్నదే ప్రశ్న. 1996 ఏప్రిల్‌లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది గానీ ఆ అలవాటు పోలేదు. 2014లో బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో, కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. రెండేళ్లకి సుప్రీంకోర్టు క్యాంపులే మానుకోమంది.

ఇప్పుడు గాలి మళ్లింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే అంటున్నారు. కనాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. వద్దన్నప్పుడూ వాళ్లకి ఒంటి సంగతి చెప్పలేదు, కనమంటున్నప్పుడూ చెప్పడంలేదు. నా బాధ అదీ.

చెప్పడానికి సరుకు లేక కాదు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షను, హార్మోన్ లేని ఛాయ మాత్ర 2017లోనే సర్కారు పథకంలోకి వచ్చాయి. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికొకటి. వత్సవాయిలో పత్తి తీతకెళ్లే పిల్లని అడగండి, ఆ పేరు విందేమో. కాపర్‌టి గురించి మాత్రం వినే ఉంటుంది: ‘‘తీగ గుండెకెక్కుద్దంట కదమ్మా!’’ పదో తరగతి పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. అది వచ్చేసరికి చాలామంది మాస్టర్లు ఇంటి దగ్గర చదువుకోమంటారు.

మగాళ్లకి అక్కర్లేదనీ అనలేం. సబ్‌సెంటర్ వరండాలో నిరోధ్ డబ్బా పెట్టేదాన్ని. నోరు తెరిచి అడిగినవాడు ఒక్కడు లేడు. శనివారం నింపితే సోమవారానికి ఖాళీ.

ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి పరీక్షలు చేస్తారు. మొగుళ్లు బండి మీద తీసుకొచ్చి, బయట వేపచెట్టు కింద ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు. వాళ్లని లోపలికి పిలిచి పది నిమిషాలు కూచోబెట్టమంటున్నాను. ఎడం గురించి, వేసెక్టమీ గురించి, ఆ మూడు నెలల గురించి చెప్పండి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, నాలుగు కుర్చీలు చాలు.

ఆ కడుపున పుట్టిన పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తండ్రి జగ్గయ్యపేట బస్టాండులో కనబడితే ఆగి పలకరిస్తాడు. వాళ్ల ముఠాలో పద్దెనిమిది మంది. అతని తర్వాత ఒక్కడూ రాలేదు.