ఎలుకల బోను నుంచి వంటింటి దాకా

మలయాళ సినిమా ప్రస్తావన రాగానే మిత్రులు ముందుగా అనే మాట "ఎంత సహజంగా ఉంటుందో!" అని. వాన, కాలువ, కొబ్బరితోట, పంచె ఎగగట్టిన కథానాయకుడు... ఆ మెచ్చుకోలుతో నాకు పేచీ లేదు గానీ తృప్తీ లేదు. ఆ సినిమాల్లో ఊరు కేవలం కంటికింపైన నేపథ్యం కాదు, కథ ముడిపడేదే అక్కడ. ఆ ముడి నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనబడింది ఇంట్లో.

అడూర్ గోపాలకృష్ణన్ తీసిన 'ఎలిప్పత్తాయం' (1981) పేరుకు అర్థం ఎలుకల బోను. శిథిలమవుతున్న నాయర్ తరవాడు, అందులో ఉణ్ణి అనే నడివయస్కుడు. పెరట్లోకి ఆవు వస్తే లేచి అదిలించడు, తోబుట్టువు రాజమ్మను కేకేస్తాడు! తల్లి వైపు నుంచి ఆస్తి సంక్రమించే మరుమక్కత్తాయం అప్పటికే సడలిపోయింది. 1970 నుంచి అమలైన భూసంస్కరణలు కౌలు రాబడికి గండికొట్టాయి. 1975 నాటి చట్టం ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసింది. సినిమా ఇవేవీ ఉపన్యసించదు. ఆవును తోలలేని మనిషిని చూపి ఊరుకుంటుంది.

రాజమ్మ పాత్రధారిణి మన తెనాలి ఆడపడుచు శారద. ఆమెను 'ఊర్వశి'ని చేసిన మూడు చిత్రాల్లో రెండు మలయాళానివే. పెళ్ళికి నోచుకోని రాజమ్మ చాకిరీ చేసి చేసి జబ్బుతో కూలిపోతుంది. విమర్శకులు ఉణ్ణి గురించి రాసినంతగా ఆమె గురించి రాసినట్టు నాకు కనబడలేదు.

నలభై ఏళ్ళ తరువాత జియో బేబీ తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) చూస్తుంటే ఆ రాజమ్మే కథానాయికగా తిరిగివచ్చిందనిపించింది. భర్త బడిలో సమాజశాస్త్రం బోధిస్తాడు. వంటింటి తూము కారుతోందని భార్య ఎన్నిసార్లు చెప్పినా ప్లంబరును పిలవడం మాత్రం మరచిపోతాడు. మామగారికి కుక్కరు అన్నం సహించదు, కట్టెలపొయ్యి మీదే వండాలి. పచ్చడి చేత్తో నూరవలసిందే. ఇవన్నీ ఆయన కసురుకుంటూ అడగడు, మెత్తగా అడుగుతాడు. నన్ను కలవరపెట్టింది ఆ మెత్తదనమే.

ఆ పరిశ్రమ స్వగృహం చక్కగా ఉందని కాదు. తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీగా నటించినందుకు దళిత యువతి పి.కె. రోసీ ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. చిత్రరంగంలో స్త్రీల స్థితిగతులపై జస్టిస్ హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు దాకా బయటికే రాలేదు.

జియో బేబీ సినిమాను అమ్మతో కలిసి చూశాను. సగంలో పొయ్యి మీద పాలున్నాయంటూ ఆవిడ లేచి వెళ్ళింది. ఆ కాసేపట్లో జరిగిన కథను, ఆవిడ వచ్చాక, శ్రద్ధగా వివరించి చెప్పాను కూడా. లేవవలసింది నేనన్న సంగతి ఆ రాత్రి వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడ్డాక గానీ తట్టలేదు.