చిన్న వేషము, పెద్ద నటుడు

మాదాపురము మొదలు గచ్చిబౌలి వఱకు నిలిచియున్న గాజుమేడలలో మధ్యాహ్న భోజనవేళ సాగు సంభాషణములను ఎవరైన శ్రద్ధగా ఆలకించినచో, జీతములు, వీసాలు, ఇండ్ల ధరలు అను మూడు పర్వములు ముగిసిన పిమ్మట మాట సినిమాపైకి మరలుననియు, మరలిన కొంతసేపటికే అది గణితశాస్త్రముగా పరిణమించుననియు గ్రహింపగలరు. ఏ నటునికి ఎన్ని నిమిషముల స్క్రీన్ టైమ్ దక్కినది, ఎవరికి ఎన్ని ఎలివేషన్లు పడినవి, ఎవరిని దర్శకుడు వృథా చేసెను అను విషయములపై అచ్చట జరుగు వాదములకు న్యాయస్థానములలోని పట్టుదల యుండును. ‘కల్కి 2898 ఏడీ’ రెండవ భాగమును గూర్చి నేడు వినవచ్చు తర్కమును ఈ కోవలోనిదే. మొదటి భాగమున కమల్ హాసన్ వంటి మహానటునికి లభించినది కొద్ది నిమిషములే గనుక, ఆ బాకీని రెండవ భాగమున వడ్డీతో తీర్పవలెనని అభిమానుల కోరిక. పాత్ర యొక్క గౌరవము దాని నిడివిని బట్టి యుండునను విశ్వాసమే ఈ కోరికకు మూలము. ఆ విశ్వాసముతో నాకు ఏకీభావము లేదు.

2024 జూన్ 27న విడుదలయిన ఆ చిత్రమున దర్శకుడు నాగ్ అశ్విన్ చేసిన సాహసములలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆకాశమున వ్రేలాడు కాంప్లెక్సు గాని, బుజ్జి యను వాహనము గాని కాదు. దేశమంతట పేరుమోసిన ప్రభాస్‌ను, అచ్చటి ద్రవ్యమైన యూనిట్లు కూడబెట్టి ఆ కాంప్లెక్సులో కాలుపెట్టుటకంటె వేఱు పరమార్థము లేని కిరాయి వేటగానిగా నిలిపి, ధర్మభారమంతయు 81 సంవత్సరముల వృద్ధనటుని భుజములపై నుంచుట అసలైన సాహసము. ఉత్తర గర్భమందలి శిశువుపై అస్త్రమును ప్రయోగించి శాపగ్రస్తుడైన అశ్వత్థామయే, సహస్రాబ్దముల అనంతరము మఱియొక గర్భస్థ శిశువునకు కావలి కాయవలసి వచ్చుట ఆ కథకు ప్రాణము. చావు రాని బ్రతుకు ఎంత దీర్ఘమో, ఎంత దుర్భరమో ముఖమున చూపుటకు, యౌవనములో నున్న నటుడు ఎంత రంగు పూసికొనినను చాలడు. అమితాబ్ బచ్చన్ వార్ధక్యము అచ్చట కప్పిపుచ్చవలసిన లోపము కాదు, వేషమునకు కావలసిన ముడిసరకు. కథానాయకుడు ప్రభాసే యైనను, కథ తలయెత్తి చూచినది ఆ ముదుసలి వంకనే.

కమల్ హాసన్ విషయము ఇంతకంటె విచిత్రము. ‘మరో చరిత్ర’, ‘ఆకలిరాజ్యం’, ‘సాగరసంగమం’, ‘స్వాతిముత్యం’ చిత్రములతో తెలుగు ప్రేక్షకుని మనస్సులో తన ముఖమును, నడకను, మాట విఱుపును ముద్రించిన నటుడు, ప్రతినాయకుడైన సుప్రీం యాస్కిన్‌గా వచ్చినపుడు ఆ మూడింటిని గడప వెలుపలనే విడిచివచ్చెను. యంత్రమునకు తగుల్కొని ప్రాణము నిలుపుకొను ఆ శుష్కశరీరమున పాత కమల్‌ను వెదకికొనుట కష్టము. తుదకు ఆ గర్భస్థ శిశువును మోయు తల్లినుండి తీసిన సీరమ్ బొట్టు ఒంటికి అందగా బలము పుంజుకొని ఆ క్షీణదేహి గాండీవమును చేపట్టినపుడు, అంతదనుక నేపథ్యమున గొణుగుచున్న భయము ఆకృతి దాల్చి మన యెదుట నిలిచినది. ఆ నిమిషము కొఱకే తక్కిన నిమిషములు కొలత ప్రకారము తగ్గింపబడినవని నా ఊహ. యాస్కిన్ మొదటి నుండియు తెఱపై తిరుగుచుండినచో, గాండీవము ఎత్తుట మఱియొక పోరాటదృశ్యముగా చప్పబడిపోయెడిది.

పాశ్చాత్యుల అంతరిక్షగాథ ఈ రహస్యమును ఏనాడో కనుగొన్నది. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో యువకుడైన ల్యూక్‌కు గురువైన ఓబీవాన్ వేషమును ఆంగ్ల రంగస్థల ప్రవీణుడు అలెక్ గిన్నిస్ ధరించి, కథ ముగియకమున్నే నిష్క్రమించియు, సహాయనటునిగా ఆస్కార్ పరిశీలనకు పాత్రుడయ్యెను. ఆ ల్యూక్‌గా నటించిన మార్క్ హామిల్, 2015లో వచ్చిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’ నాటికి తానే వృద్ధగురువు. ఆ చిత్రమందలి పాత్రలన్నియు ఆయన జాడకై గెలాక్సీలను గాలించును. ఆయన మాత్రము చిట్టచివర ద్వీపశిఖరమున కొన్ని క్షణములు కనబడును, ఒక్క మాటయైన పలుకడు. అయినను తెఱపై వచ్చు పేర్ల వరుసలో ఆయనది రెండవ స్థానము. మన ఫుడ్ కోర్టు గణితజ్ఞులు ఈ లెక్కను ఏ సూత్రముతో సరిపుచ్చుదురో తెలియదు. లేనివాని కొఱకు వెదకుటయే కథయైనపుడు, లేకపోవుటయు ఒక పాత్రయే.

ఇదంతయు మనకు క్రొత్త యనుకొనుట సరికాదు. మన పద్యనాటకములలో ఒక్క రాత్రి ప్రదర్శనమునకు ఇద్దఱు ముగ్గురు కృష్ణులుండుటయు, మొదటి కృష్ణుడు పాడి దిగిన పిమ్మట రెండవ కృష్ణుడు కిరీటము ధరించి వచ్చుటయు ఎఱిగినవే. పాత్ర మొత్తము నాదే కావలెనని అచ్చట ఎవరును పట్టుపట్టరు, తన అంకమున తన పద్యము పండినచో చాలును. 1946లో ‘త్యాగయ్య’కు దర్శకత్వము వహించి, తానే త్యాగరాజుగా నటించి, మఱుసటి యేట ‘యోగి వేమన’గా ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూపిన చిత్తూరు నాగయ్యగారు, 1963 నాటి ‘లవకుశ’లో నందమూరి తారకరామారావుగారు రాముడుగా వెలుగుచుండగా, వాల్మీకిగా వచ్చిరి. రాముడు రాజ్యమేలును, సీత కన్నీరు కార్చును, బాలకులు గానము చేయుదురు, ప్రేక్షకుల గుండెలు వారి చుట్టును తిరుగును. ఆశ్రమమున నిలిచి ఆ తల్లికి నీడనిచ్చి, ఆ బిడ్డలకు కథను నేర్పు ముని లేనిదే వీరిలో ఎవరికిని ఉనికి లేదు. నిన్నటి నాయకుడు నేటి నాయకుని కథను తన నోట పలికించుకొనుటలో గల ఔచిత్యమును ఆనాటి దర్శకులు ఎఱిగియే చేసిరో, కాకతాళీయముగా జరిగినదో గాని, అంతకు మించిన గౌరవము నాగయ్యగారికి ఏ సన్మానసభయు చేసియుండదు.

అట్లని ప్రతి చిన్న వేషమును గొప్పదని నేననుట లేదు. విశ్రాంతికి ముందు ఈలల కొఱకు తలుపు తెఱచుకొని వచ్చు అతిథిపాత్రలును, పెండ్లి దృశ్యమున పట్టుపంచె కట్టి అక్షతలు జల్లు తండ్రి వేషములును మనకు కొల్లలు. వానిలో నటుడు ఉండడు, అతని పాత పోస్టరు మాత్రముండును. ‘లేడీస్ టైలర్’, ‘అహ నా పెళ్ళంట’ చిత్రములతో హాస్యకథానాయకుడను స్థానమునే నిర్మించిన రాజేంద్రప్రసాద్, 2018లో నాగ్ అశ్విన్ తీసిన ‘మహానటి’లో కె.వి. చౌదరిగా సావిత్రి బాల్యమును అధికారముతో, ఆశతో, అత్యాశతో నడిపించి, కథకు ఇరుసుగా నిలిచెను. అదే దర్శకుని ‘కల్కి’లో అదే నటుడు ధరించిన రూమీ వేషమును వేఱొకరు ధరించినను చిత్రమునకు కలుగు నష్టమేమో నాకు గోచరింపలేదు. నటుడొకడే, దర్శకుడొకడే. మొదటి పాత్ర ఆ మనిషికై చెక్కబడినది, రెండవది ఖాళీగా నుండగా ఆయన వచ్చి కూర్చుండెను.

ఈ వివేకము సినిమావారికంటె మన ఐటీ కారిడారునకు ఎక్కువ అవసరము. 1998లో అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన కాలమున ఇరువదియైదేండ్ల యౌవనముతో ఇచ్చట అడుగుపెట్టిన తరము నేడు ఏబది దాటినది. అచ్చటి సంస్థలలో పెక్కింటికి తెలిసిన వేషములు రెండే: నలువదిమందిపై మేనేజరు కావలెను, లేదా బెంచి మీదుగా ద్వారము వైపునకు నడువవలెను. కోడు వ్రాయుటలో ముప్పదేండ్లు పండిన చేతికి, వారమునకు కొన్ని గంటలు కూర్చుండి పసివాని తప్పును చూపి, వ్యవస్థ ఎచ్చట కూలునో ముందుగా చెప్పునట్టి వాల్మీకి వేషము వ్రాయుట వారికి చేతకాలేదు. అట్టి ఆసనము ఒకటి చూపినను, దానిని పదవీచ్యుతిగా భావించి ముడుచుకొను పెద్దలును కలరు. టీమ్ సంఖ్యను బట్టి తన విలువను లెక్కించుకొను ఉద్యోగియు, నిమిషములను బట్టి నటుని విలువ కట్టు అభిమానియు ఒక్క బల్ల కడనే భోజనము చేయుచున్నారనుటలో ఆశ్చర్యమేమి గలదు? అప్రైజల్ పత్రము నేర్పిన కొలమానమునే వారు తెఱకును అన్వయించుచున్నారు.

ఇక రెండవ భాగము. ఆ శిశువును మోయు సుమతిగా నటించిన దీపికా పదుకొణె అందులో ఉండబోదని 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ప్రకటించిన నాటినుండి చర్చ చాలవఱకు ఆమె స్థానమును ఎవరు పూరింతురను దానిచుట్టే తిరుగుచున్నది. నా చింత వేఱు. యాస్కిన్ పాత్ర పెరుగుట ఖాయమని అందఱును అనుచున్నారు, కథ కోరినచో పెరుగవలసినదే. అభిమానుల ఫిర్యాదునకు సమాధానముగా మాత్రము అది పెరిగినచో, మొదటి భాగమున మితము వలన ఆ పాత్రకు సిద్ధించిన భయంకరత్వము కరగిపోవును. కమల్‌కు ఒక పాట, ఒక నృత్యము, గతమును చెప్పు ఒక సుదీర్ఘ సంభాషణము కట్టబెట్టి ‘ఇదిగో న్యాయము చేసితిమి’ అని చేతులు దులుపుకొను ప్రలోభము ఏ దర్శకునికైనను కలుగును. అశ్వత్థామకును ఇదే ప్రమాదము పొంచియున్నది, మొదటి భాగమున ఆతని దెబ్బలకు లేచిన చప్పట్లు రెండవ భాగమున ఆతనిని వట్టి మల్లునిగా దిగజార్పవచ్చును.

కావున, ఆ చిత్రము విడుదలయిన మఱునాడు కొండాపురము మల్టీప్లెక్సు నుండి వెలువడు మిత్రులకు నా విన్నపమొకటే: గడియారమును జేబులో నుంచుడు. ఆ వృద్ధనటులలో ఒకరిని తొలగించినచో కథ నడచునా యని ప్రశ్నించుకొనుడు. నడువదని తేలినచో, ఆయన పది క్షణములే కనబడినను నాయకుడే. నడచునని తేలినచో, గంటసేపు తెఱనిండ చూపినను ఆయనకు జరిగినది అవమానమే.

— మాదాపురీయుడు