పద్నాలుగేళ్లు దాటిన పిల్లల బాధ్యత ఎవరిది?

ముస్లింల విద్య గురించి మన సభల్లో చర్చ జరిగినప్పుడల్లా అది సచార్ కమిటీతో మొదలై రిజర్వేషన్లతో ముగుస్తుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడి ముఖం చూడనివారో, చూసి మధ్యలో మానేసినవారో అని 2006 నవంబరులో ఆ కమిటీ దేశానికి చెప్పింది. ఆ అంకెను ఎన్ని వేదికల మీద వినిపించినా ఎక్కువ కాదు. అయితే ఆ పట్టికల్లో కనబడని ఒక గది ఉంది. అది ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని గది. మన పిల్లల చదువు నిలిచేదీ జారిపోయేదీ చాలావరకు అక్కడే తేలిపోతుందని మా అభిప్రాయం.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఉచిత నిర్బంధ విద్యకు అది పెట్టిన హద్దు పద్నాలుగేళ్లు, ఎనిమిదో తరగతి. తొమ్మిదిలో అడుగుపెట్టిన పిల్లవాడు రేపటి నుంచి రాకపోతే ఆ చట్టం అతని వెంట ఇంటిదాకా రాదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోరాదన్నదే గాని, మిగిలిన పనులకు అడ్డు చెప్పలేదు. సైకిల్ షాపు, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, దర్జీ దుకాణం, ఇలా మన బస్తీల కుర్రాళ్లకు ఆ వయసులో తెరుచుకునే తలుపులు చాలానే ఉన్నాయి. ఆడపిల్లకైతే తమ్ముళ్లను చూసుకునే పని, ఆ వెనుకే సంబంధాల మాట. ఉపకారవేతనాల సంగతి ఇంకా విచిత్రం. 1 నుంచి 8వ తరగతి వరకు విద్యాహక్కు చట్టమే ఉచితంగా చదివిస్తున్నది కదా అంటూ 2022 నవంబరులో కేంద్రం మైనారిటీల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేసింది. అంటే ఎనిమిదో తరగతి పిల్లకు చట్టం ఉంది, స్కాలర్‌షిప్ లేదు. తొమ్మిదో తరగతి పిల్లకు స్కాలర్‌షిప్ పథకం ఉంది, చట్టం లేదు. ఈ రెండింటి నడుమ ఆ బిడ్డకు మిగిలిన ప్రభుత్వ ప్రతినిధి ప్రధానోపాధ్యాయుడు ఒక్కడే.

అతని చేతిలో ఏముందని కొందరు అడుగుతారు. మొదటిది హాజరు పట్టిక. వరుసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు కబురు వెళితే ఆ పిల్ల సాధారణంగా తిరిగి వస్తుంది. నెల గడిచాక వెళితే అప్పటికి ఆమె ఇంటి పనికి అలవాటుపడి ఉంటుంది, తండ్రి రోజుకూలీ లెక్కకు అలవాటుపడి ఉంటాడు. హాజరు తగ్గినవాడిని అందరి ముందు నిలబెట్టి మందలించే బడికీ, పిలిచి కూర్చోబెట్టి ‘ఇంట్లో ఏమైంది బాబూ’ అని అడిగే బడికీ ఫలితాల్లో తేడా కనబడక మానదు. దీనికి నిధులు అక్కరలేదు, జీవో అక్కరలేదు.

రెండోది పిల్లల పేరు. ఈ విషయాన్ని కాస్త విస్తరించి చెప్పదలచాం, ఎందుకంటే దీని విలువ మన తల్లిదండ్రుల్లో చాలామందికి సమస్య ఎదురైనాకగాని తెలియడం లేదు. ‘మహమ్మద్’ను ఆంగ్లంలో రెండక్షరాలకు కుదించి రాసేవారున్నారు, నాలుగక్షరాలకు కుదించేవారున్నారు, పూర్తిగా రాసేవారిలోనూ ఒకరి రాత మరొకరి రాతతో కలవదు. ‘షేక్’ ఒకచోట ఇంటిపేరు, మరోచోట పేరులో భాగం, ఇంకోచోట రెండు పొడి అక్షరాలు. తల్లి ఆధార్‌లో ‘బీ’, రేషన్ కార్డులో ‘బేగం’. మస్తాన్ వలి ఒక కాగితంలో ఒకే మాట, మరో కాగితంలో రెండు. ఒకటో తరగతిలో చేర్చుకున్న రోజు ఎవరో తొందరలో రాసిన ఆ పేరే పదో తరగతి నామినల్ రోల్స్‌లోకి, అక్కడి నుంచి మార్కుల మెమోలోకి వెళుతుంది. ఆ తర్వాత దానిని సరిచేయించుకోవడమంటే అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన, పరీక్షల బోర్డు చుట్టూ ప్రదక్షిణలు.

ఒకప్పుడు దీనివల్ల నష్టం మహా అయితే పాస్‌పోర్టు ఆలస్యం, గల్ఫ్ ప్రయాణం వాయిదా. ఇప్పుడు కాలం మారింది. 2025 జూన్‌లో బీహార్‌లో ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ చేపట్టినప్పుడు ఎన్నికల సంఘం మొదట అంగీకరించిన పదకొండు పత్రాల్లో గుర్తింపు పొందిన బోర్డు ఇచ్చిన మెట్రిక్ సర్టిఫికెట్ ఒకటి. జనన ధ్రువపత్రం లేని పేద ఇంటికి పదో తరగతి మెమోను మించిన ఆధారం మరొకటి కనబడదు. ఆ మెమోలో తండ్రి పేరు తప్పుపడితే ఆ తప్పు ఏ రోజు ఏ కౌంటరు దగ్గర లేచి నిలబడుతుందో చెప్పలేం. నామినల్ రోల్స్ పంపే ముందు ప్రతి పిల్ల వివరాలనూ తల్లిదండ్రుల ఎదుట చదివి వినిపించి సంతకం తీసుకునే ప్రధానోపాధ్యాయుడు పౌరహక్కుల పని చేస్తున్నాడు. ఆయనకు ఆ సంగతి తెలియకపోయినా సరే.

ఆ పట్టికలోనే కులం గడి ఒకటుంటుంది. మన పిల్లల విషయంలో చాలాచోట్ల అక్కడ ‘ముస్లిం’ అని రాసి వదిలేస్తారు. మతం కులం ఎలా అయింది? 2007 చట్టం ముస్లింలలోని 14 వెనుకబడిన సమూహాలను బీసీ-ఈ కింద గుర్తించి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దూదేకుల, నూర్‌బాషాలు అంతకు ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు వీటి పరిధిలోకి రారు. బడి రికార్డులో ఇవేవీ లేకుండా ఒక్క ‘ముస్లిం’ అన్న మాటే ఉంటే కుల ధ్రువపత్రం కోసం వెళ్లిన పిల్లవాడికి తహశీల్దార్ కార్యాలయంలో మొదటి కొర్రీ అదే అవుతుంది. సీటు వచ్చాక గడువు లోపల సర్టిఫికెట్ దొరక్క రిజర్వేషన్ కోల్పోయే గండం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక రంజాన్. 2023, 2024, 2025 సంవత్సరాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రంజాన్ మాసంలోనే వచ్చాయి. అంతకు ముందు వారాల్లో నడిచే ప్రత్యేక తరగతులు సాయంత్రం వేళవి. ఉర్దూ మాధ్యమ పాఠశాలలకు ఆ నెలలో వేళలు మారుస్తారు. తెలుగు, ఇంగ్లీషు మాధ్యమ బడుల్లో చదివే మన పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. తెల్లవారుజామున సహరికి లేచి, రోజా ఉండి, సాయంత్రం లెక్కల తరగతిలో కూర్చున్న పిల్ల ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలని గడియారం చూస్తే దానిని అశ్రద్ధ అనుకునే ఉపాధ్యాయులున్నారు. ఆ తరగతిని ఉదయానికి మార్చడం, ప్రత్యేక తరగతుల్లో ఇచ్చే అల్పాహారాన్ని రోజా ఉన్నవారికి పొట్లం కట్టి ఇంటికివ్వడం ఎంత పని? చేసిన బడులున్నాయి. ఆ బడులకు మన మహల్లాల్లో దక్కే గౌరవం చూస్తే ముచ్చటేస్తుంది.

మార్కులొక్కటే చదువు కాదని అంటాం గాని, పిల్లల మనసుకు తగిలే దెబ్బను బడి ఎప్పుడు లెక్కించింది? ‘పాకిస్తాన్ పో’ అన్న మాట ఆటస్థలంలో వినబడితే దానిని పిల్లల అల్లరిగా కొట్టిపారేయడం పెద్దలకు సులువు. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా ఖుబ్బాపూర్‌లో ఒక చిన్న పిల్లవాడిని తోటి పిల్లల చేత వరుసగా చెంపదెబ్బలు కొట్టించిన వీడియో దేశమంతా చూసింది. ఆ బడి నడిపేది, ఆ దెబ్బలు కొట్టించింది ఒకే వ్యక్తి. పిల్లవాడు ఫిర్యాదు చేసుకోవాల్సిన తలుపు వెనుక కూర్చున్నది ఎవరో ఆలోచించండి. సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని బాధితుడితోపాటు కొట్టిన పిల్లలకు కూడా కౌన్సెలింగ్ ఇప్పించాలన్నది. ఆ రెండో మాట మాకు ముఖ్యంగా తోచింది. శారీరక దండననూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధిస్తుంది. మతం పేరిట ఎత్తిపొడుపు మానసిక వేధింపు కిందికి రాదని ఏ ప్రధానోపాధ్యాయుడైనా అనగలడా?

కర్ణాటక హిజాబ్ వివాదంలో న్యాయస్థానాల వాదోపవాదాలే మనకు గుర్తుండిపోయాయి. అది 2021 చివర్లో ఉడుపిలోని ఒక కళాశాలలో కొద్దిమంది అమ్మాయిలను తరగతిలోకి రానివ్వకపోవడంతో మొదలైంది. 2022 అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చారు. పిల్లకు గుడ్డ ముక్క ముఖ్యమా చదువు ముఖ్యమా అని అప్పట్లో చాలామంది అడిగారు. ఆ ప్రశ్న అడగవలసింది పిల్లను కాదు, గేటు మూసినవారిని.

ప్రధానోపాధ్యాయుల పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఫోటోలు, రోజుకో నివేదిక అడిగే పై అధికారులు. ఈ ఒత్తిడిలో పిల్లల ముఖం చూసే తీరిక వారికి లేదన్నది నిజం. ఉర్దూ మాధ్యమంలో పరిస్థితి మరీ అన్యాయం. రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులు అర్హులైన అభ్యర్థులు లేక ఏళ్ల తరబడి ఖాళీగా మిగిలిపోతున్నాయి. గణిత ఉపాధ్యాయుడు లేని బడికి ఫలితాలు ఎందుకు రాలేదని సంజాయిషీ నోటీసు ఇవ్వడం ఏ పరిపాలన? దళిత, ఆదివాసీ అభ్యర్థుల వాటా తగ్గకుండా ఆ పోస్టులను ఇతర మాధ్యమాల పోస్టులతో మార్పిడి చేసి, ఈ ఖాళీలు నింపే మార్గాన్ని రెండు ప్రభుత్వాలూ ఆలోచించాలి. ప్రతి ఉన్నత పాఠశాలకూ కాకపోయినా మండలానికొక్క శిక్షణ పొందిన కౌన్సెలర్‌నైనా నియమించాలి. గురుకులాలు వచ్చాయి, సంతోషమే. కాని వాటిలో చోటు దొరకని పిల్లలు వీధి చివరి బడిలోనే ఉన్నారు.

మనవాళ్ల సంగతికి వద్దాం. పాఠశాల యాజమాన్య కమిటీల్లో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెబుతున్నది. ఆ సమావేశాలకు మన అమ్మీలు ఎంతమంది వెళుతున్నారు? మస్జిద్ కమిటీలు జుమా రోజున జకాత్ గురించి ప్రకటించినట్లే పరీక్ష ఫీజు గడువు గురించి కూడా ఒక మాట ప్రకటించవచ్చు. ప్రధానోపాధ్యాయుని గదికి మనం టీసీ కోసమో గొడవ కోసమో వెళ్లడమే తప్ప, ఊరికే పిల్ల ఎలా చదువుతోందని అడగడానికి వెళ్లే అలవాటు చేసుకోలేదు.

దసరా సెలవులు అయ్యాక పదో తరగతి ఫీజులు, నామినల్ రోల్స్ హడావుడి మొదలవుతుంది. పదో తరగతిలో బిడ్డ ఉన్న ప్రతి ఇంటివారూ ఆలోగా ఆధార్, జనన ధ్రువపత్రం, పాత టీసీ చేతబట్టుకుని ఒకసారి బడికి వెళ్లండి. ప్రవేశ రిజిస్టరులో మీ బిడ్డ పేరున్న పేజీ చూపించమని అడగండి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం గడి అక్షరం అక్షరం సరిచూసుకోండి. చదవడం రానివారు చదవగలిగిన పొరుగువారిని వెంట తీసుకెళ్లండి. చూపించడానికి నిరాకరిస్తే ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిచ్చి, నకలు మీద బడి ముద్ర వేయించుకుని రండి.