లంకలకు కుర్చీ ఏదీ?



2009 అక్టోబరులో మాల్దీవుల మంత్రులు సముద్రం అడుగున బల్లలు వేసుకుని కూర్చుని సంతకాలు పెట్టారు. మీ పొగ మా కొంపలు ముంచుతోందని పెద్ద దేశాలకు చూపించారు. నాటకమే అనుకోండి, ప్రపంచమంతా చూసింది. అలాంటి చిన్న దీవుల దేశాలు 1990లోనే కూటమి కట్టాయి. ముప్పై ఏళ్ళు పైగా కొట్లాడి 2022 నవంబరులో ఈజిప్టు సభలో నష్టపరిహార నిధికి అందరిచేతా ఊ అనిపించాయి. అందులో డబ్బెంత పడుతుందనేది వేరే సంగతి. వాళ్ళకో జెండా ఉంది, కుర్చీ ఉంది, అందుకే నోరూ ఉంది.

మన కోనసీమా దీవే. ఒకపక్క గౌతమి, ఒకపక్క వసిష్ఠ, కింద సముద్రం. ముక్తేశ్వరం రేవులో నిలబడితే ఎదురుగా కోటిపల్లి కనబడుతుంది. ఇక్కణ్ణుంచి అటు పోవాలంటే పంటే దిక్కు. 2000-01 బడ్జెట్లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలుకి గోదాట్లో స్తంభాలు లేచాయి గానీ రైలు రాలేదు. మన భూమిలోని గ్యాసు బయటికి పోడానికి మాత్రం గొట్టాలు ఎప్పుడో వచ్చాయి. అది పేలితే మంట మనకి. 1995లో పాశర్లపూడి, 2014లో నగరం ఎవరు మరిచిపోతారు?

ఇక వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. కుటుంబానికి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం అన్నారు. తర్వాత పంట నష్టం లెక్క మొదలైంది. ఎవరి పేరున? పట్టా ఉన్నవాడి పేరున. కౌలుకి చేసినోడు పుస్తెలు తాకట్టు పెట్టి పెట్టుబడి పెట్టినా, 2019 చట్టం ప్రకారం కార్డుకి భూయజమాని సంతకం కావాలి. ఆ యజమాని సంతకం పెడతాడా? పెడితే భూమి పోద్దని భయం. కౌలుదారు గతి ఇది. మరి కూలివాడు? కొబ్బరి దింపేవాడు, అరటిగెలలు మోసేవాడు, కలుపు తీసే మన ఆడవాళ్ళు? నీళ్ళు తీసి, ఒండ్రు ఆరి, మళ్ళీ పని పుట్టేదాకా పోయిన రోజుల్ని రాసే గడే ఆ పుస్తకంలో లేదు!

“వరదకి కులముంటుందా మేస్టారూ?” అని కొందరు పెద్దమనుషులు నవ్వుతారు. గోదారికి లేదండీ. లెక్క రాసే పుస్తకానికి ఉంది. తరతరాలుగా పట్టా ఎవరి చేతిలో ఉంది, పార ఎవరి చేతిలో ఉంది? లంకల్లో కూలికెళ్ళే బీసీ సోదరుల గతీ ఇదే. వాళ్ళూ ఆలోచించాలి.

మనకి కుర్చీ అసలు లేదా అంటే ఉంది. అమలాపురం రిజర్వుడు సీటు. ఆ సీటు నుంచే బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ కుర్చీలో తొలి దళితుడు. ఆయన పేరున్న ఎదుర్లంక వంతెన మీద రోజూ నడుస్తున్నాం, ఆ మేలు కాదనం. కానీ సీటు మనది, టిక్కెట్టు పార్టీది. టిక్కెట్టిచ్చినవాడు కన్నెర్ర చేస్తే మనవాడు నోరు విప్పడు.

అదే 2022లో, వరదకి రెణ్ణెల్ల ముందు, మే 24న, జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. పేరు నిలిచింది, సంతోషం. ఇప్పుడు ఆ పేరున్న జిల్లా కచేరీకే వెళ్ళి అడగాలి. నష్టం లెక్క పుస్తకంలో పోయిన కూలి రోజులకి ఒక గడి పెట్టండి. యజమాని సంతకం లేకుండా, గ్రామసభ చెప్పిన కౌలుదారుకి పరిహారం ఇవ్వండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరెయ్యకముందే, ఈ వేసవిలోనే, ప్రతి లంకలో గ్రామసభ పెట్టించి ఈ రెండు తీర్మానాలు రాయించండి.