బోల్టు తిప్పితే బండి ఎదగదు

దుబాయ్‌లో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ కొన్న ప్రతి మనవాడికీ మూడో నెలలో ఒకటే జబ్బు పట్టుకుంటుంది: బండి ఎత్తు పెంచాలి. వారాంతంలో అల్ బదాయర్ ఎర్ర దిబ్బ దగ్గరికి వెళతాడు. ఎత్తుగా లేపిన నిస్సాన్ పాట్రోల్ ఒకటి రయ్యిమని ఎక్కిపోవడం చూస్తాడు. సోమవారం సాయంత్రానికి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో గ్యారేజీ ముందు తేలతాడు. రెండు బోల్టులు తిప్పితే కాసేపట్లోనే బండి ముక్కు మూడంగుళాలు లేస్తుంది. ఫోటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అందరూ బొటనవేళ్లు చూపిస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ మూడంగుళాలూ పైన పటారం, లోన లొటారం. ఇసుకలో అవి సాయం చెయ్యవు సరికదా, వెనక సీట్లో కూర్చున్న పెళ్లాం పిల్లల ప్రాణాల మీదికి తెస్తాయి.

నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా 1998 నుంచి 2007 దాకా వచ్చిన టయోటా ల్యాండ్ క్రూజర్ 100 గురించి. 1990ల నాటి రెండో తరం పజేరోకీ ఇదే లెక్క. రెండిట్లోనూ ముందు చక్రాలు దేనికది విడివిడిగా కదులుతాయి. దీన్నే ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటారు. మనవాడు చూసి ముచ్చటపడ్డ పాత పాట్రోల్, అంటే వై61, అలా కాదు. దానికి ముందు రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే ఇనప యాక్సిల్ ఉంటుంది. పొడుగు స్ప్రింగులు, పొడుగు షాకులు వేస్తే యాక్సిల్ మొత్తం కిందికి జరుగుతుంది. కొన్ని దిద్దుబాట్లు చేసుకుంటే ఎత్తూ పెరుగుతుంది, చక్రం కదిలే దూరమూ పెరుగుతుంది. లివాలో దాదాపు 300 మీటర్ల తల్ మొరీబ్ దిబ్బ ఎక్కే బళ్లని చూసి మనం వాత పెట్టుకునేది ఇక్కడే. నిస్సాన్ కూడా 2010లో అబుదాబిలో విడుదల చేసిన వై62తో ఇండిపెండెంట్ వైపు వచ్చేసింది కాబట్టి, ఈ గొడవ ఇప్పుడు పాట్రోల్ వాళ్లదీనూ.

100లో ముందువైపు చుట్టల స్ప్రింగు ఉండదు. ఛాసిస్ పొడుగునా టార్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది, దిగితే మెలి విడుతుంది. దాని చివర ఒక సర్దుబాటు బోల్టు. ఏళ్ల తరబడి బరువు మోసి బండి ముందుభాగం కుంగితే, మళ్లీ కంపెనీ ఎత్తుకి తేవడానికి అది పనికొస్తుంది. జగిత్యాల నుంచి వచ్చి ఇరవయ్యేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న ఒక మెకానిక్ నాకు ఒక్క ముక్కలో చెప్పాడు: "సార్, గీ బోల్టు పడ్డదాన్ని లేపెటందుకు. లేసి ఉన్నదాన్ని ఇంక లేపితే ఏడనో ఓ కాడ తెగుతది."

ఎక్కడ తెగుతుందో చూద్దాం. బోల్టు తిప్పినంత మాత్రాన కడ్డీ బలం పెరగదు, ఆర్ములు పొడవవ్వవు. చక్రం పైకీ కిందికీ తిరిగే మొత్తం దూరం అంతే ఉంటుంది. మీరు పెంచిన ఎత్తంతా కిందికి దిగే వాటాలోంచి లాక్కున్నదే. పొట్టి దుప్పటి తలమీదికి లాక్కుంటే కాళ్లు బయటపడ్డట్టు. దిబ్బ కొన దాటేటప్పుడు చక్రం కిందికి సాగి ఇసుకని పట్టుకోవాలి. సాగే చోటు లేక ఆర్మ్ వెళ్లి స్టాపుకి టక్కున కొట్టుకుంటుంది, చక్రం గాల్లో నిలుస్తుంది. ముందు డిఫరెన్షియల్‌కి లాక్ లేకపోతే ఆ ఇరుసు శక్తి గాల్లో ఉన్న చక్రాన్ని ఊరికే తిప్పడానికే పోతుంది. దిబ్బ వాలుకి అడ్డంగా వెళుతుంటే ఇంకా ప్రమాదం. అసలే బరువు కేంద్రం పైకి పోయింది, పైగా చక్రానికి పట్టు లేదు. బండి పక్కకి దొర్లడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తర్వాత సీవీ జాయింట్. చక్రానికి శక్తి తీసుకెళ్లే షాఫ్ట్ ఎప్పుడూ ఎక్కువ వంకరలో తిరుగుతుంటే రబ్బరు బూటు మడతలు ఒరుసుకుని చిరుగుతాయి. గ్రీజు బయటికి, ఇసుక లోపలికి. ఇక జాయింట్ తనని తానే సాన పట్టుకుంటుంది. దీనికి విరుగుడుగా స్పేసర్లు పెట్టి డిఫరెన్షియల్‌ని కిందికి దించుతారు. వంకర తగ్గుతుంది, నిజమే. కానీ డిఫరెన్షియల్ కింద సంపాదించిన ఖాళీలో కొంత మళ్లీ పోతుంది. అమెరికా పికప్పులకి బ్రాకెట్లతో నాలుగు, ఆరు అంగుళాలు లేపే కిట్లలోనూ చాలావరకు ఇదే కథ: ఎత్తు బాడీకి దక్కుతుంది, కింది ఇనుము కిందే ఉంటుంది.

"మరి హత్తా వాదీల్లో రాళ్లు తగలవా?" అంటారు. తగులుతాయి. అక్కడ అంగుళం, అంగుళంన్నర నిజంగానే పనికొస్తుంది. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే బండి అడుగు ఒక అంగుళం లేస్తుంది. అది నికరమైన అంగుళం, ఆర్ముల దగ్గర అప్పు చేసింది కాదు. ఇంకా కావాలంటే బండి బరువుకి తగ్గ లావు బార్లు, వాటికి జతైన షాకులు, కోణం సరిచేసిన పై ఆర్ములు వేయించి, రెండంగుళాల లోపు ఆగి, అలైన్‌మెంట్ చేయించుకోండి. అన్నట్టు, ఇక్కడ అనుమతి లేకుండా ఇంజినూ ఛాసిసూ మార్చడం నేరం. 2017 నాటి ట్రాఫిక్ జరిమానాల పట్టికలో దానికి 1000 దిర్హాములు, 30 రోజుల జప్తు రాశారు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే టెస్టింగ్ సెంటర్లో అడగండి.

కానీ ఇసుకే మీ సరదా అయితే, మొదటి ఖర్చు ఒక గాలి కంప్రెసర్. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైరుని 15కి దించితే అది పొడుగ్గా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఏ లిఫ్టూ ఆ పని చెయ్యలేదు. తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడం మరవకండి. రెండో ఖర్చు బుష్‌లు, బాల్ జాయింట్లు, షాకులు. ఇరవయ్యేళ్లు ఈ ఎండలో కాగిన రబ్బరు బిస్కెట్టులా విరుగుతుంది. వాటిని అలాగే ఉంచి ఎత్తు పెంచడమంటే, మెమరీ లీక్ వదిలేసి స్క్రీన్ మీద రంగులు మార్చడమే.

మీ బండిని ఇదివరకటి ఓనరు లేపేశాడని అనుమానమా? చదునైన నేల మీద చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. తర్వాత ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం పూర్తిగా వేలాడేదాకా లేపి, స్టాండ్ వేసి, మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాయే మీ చక్రం కిందికి దిగగలిగే దూరం. అది అంగుళం, అంగుళంన్నరే ఉంటే బోల్టు వదులు చేయించండి. ఫోటోలో బండి కాస్త పొట్టిగా కనిపిస్తుందేమో గానీ, దిబ్బ దాటేటప్పుడు చక్రం నేల మీదే ఉంటుంది.